ఆస్పత్రిలో ఆక్యుపంక్చర్ గది ఇస్తామంటున్నారు, బోర్డు మీద ఏం రాయాలి? (వైజాగ్)

సీతమ్మధార_సూది · సోమవారం రాత్రి
అందరికీ నమస్కారం. నేను బీఎన్‌వైఎస్ (ప్రకృతివైద్యం, యోగా డిగ్రీ) చేశాను, ఆక్యుపంక్చర్‌లో, అంటే సన్నటి సూదులు గుచ్చి చేసే వైద్యంలో, విడిగా తర్ఫీదు కూడా తీసుకున్నాను. ప్రస్తుతం ఎంవీపీ కాలనీలో ఒక ఫిజియోథెరపీ సెంటర్లో సాయంత్రాలు కూర్చుంటున్నాను. నడుములు, మెడలు, మోకాళ్లు, తలనొప్పులు. వచ్చేవాళ్లలో ముప్పాతిక మంది వీటికే వస్తారు.

ఈమధ్య సిటీలో ఒక ఆస్పత్రివాళ్లు పిలిచారు (పేరు అడగొద్దు, చెప్పను). గది ఇస్తాం, ఫీజులో వాటా ఇస్తాం అన్నారు. సంతోషపడ్డాను. మర్నాడు మార్కెటింగ్ అబ్బాయి వాట్సాప్‌లో బోర్డు నమూనా పంపాడు. షుగర్, థైరాయిడ్, కిడ్నీ, పక్షవాతం, సంతానలేమి, అధిక బరువు అని వరసగా రాసి, పైన పెద్ద అక్షరాల్లో "మందులు లేకుండా, 5000 ఏళ్ల చైనా వైద్యం" అని పెట్టాడు. నా ఫోటో వెనకాల డ్రాగన్ ఒకటి. "డ్రాగన్ ఎందుకు బాబూ?" అంటే "లుక్ వస్తది మేడం" అన్నాడు. 30 సిట్టింగుల ప్యాకేజీ, డబ్బు మొత్తం ముందే కట్టించుకోవాలట.

నాకు ఆ గది కావాలి, ఆ బోర్డు అక్కర్లేదు. మనస్సాక్షికి అడ్డం రాకుండా ఏం రాయొచ్చు? లోపల డాక్టర్లతో కలిసి ఎలా పనిచెయ్యాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఉక్కు_బాబాయ్ · సోమవారం రాత్రి
ఏటమ్మా ఇంత ఆలోచన? నొప్పి తగ్గిద్ది అని రాసీ, అయిపోద్ది. నాకు తగ్గింది. స్టీలు ప్లాంటులో రోలింగ్ మిల్లు డ్యూటీ, రిటైరయ్యేసరికి నడుం అయిపోనాది. పొద్దున్న మంచం మీంచి లెగాలంటే మా ఆవిడ చెయ్యిచ్చీది. కూర్మన్నపాలెంలో ఒకాయన దగ్గిర సూదులు ఏయించుకున్నాను. మోకాలి ఎనక గుంట ఉంటది సూడు, అక్కడ ఒకటి, మడమ పక్కన ఒకటి. ఏసినప్పుడు సీమ కుట్టినట్టే గానీ, తిప్పీసరికి ఓ బరువు పిక్కలోకి దిగిపోయీది. ఆ రోజు ఆటో ఎక్కకుండా నడిసే ఇంటికొచ్చీసేను.

చైనావోడిదా మనోడిదా నాకనవసరం.

లెక్కల_మేష్టారు · సోమవారం రాత్రి
బాబాయ్ గారూ, మీకు తగ్గలేదని నేను అనను. కాకపోతే నొప్పి బాగా ముదిరినప్పుడే మనం వైద్యుడి దగ్గరికి పరిగెడతాం. ముదిరింది ఎలాగూ కొంత దిగుతుంది. దిగిన వారంలో ఎవరి దగ్గరుంటే పేరు వాళ్లకి.

దీన్ని తేల్చడానికే జర్మనీలో పెద్ద పరీక్ష పెట్టారు, 2007లో అచ్చయింది. చాలాకాలంగా నడుం నొప్పి ఉన్న 1162 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి శాస్త్రం చెప్పిన చోట, చెప్పిన లోతున సూదులు. రెండో జట్టుకి ఉత్తుత్తి సూదులు, అంటే పాయింట్లు కాని చోట పైపైన గుచ్చడం. మూడో జట్టుకి మందులు, ఫిజియో, వ్యాయామం. ఆరు నెలలకి మెరుగుపడ్డవాళ్లు అసలు సూదుల్లో 47.6 శాతం, ఉత్తుత్తి సూదుల్లో 44.2 శాతం, మామూలు వైద్యంలో 27.4 శాతం.

ఈ మూడు అంకెలతోనే రెండు పార్టీలూ బతికేస్తున్నాయి. సూదులవాళ్లు మొదటిదీ మూడోదీ పక్కపక్కన పెట్టి "మందుల కంటే మేమే నయం" అంటారు. కాదనేవాళ్లు మొదటిదీ రెండోదీ పెట్టి "పాయింటూ లేదు, నాడీ లేదు, ఎక్కడ గుచ్చినా ఒకటే" అంటారు. రెండూ ఆ పరీక్షలో ఉన్నవే. అమ్మాయ్, నువ్వు ఏ రెండు అంకెలు చెప్పి ఫీజు తీసుకుంటావో అది తేల్చుకో, బోర్డు దానంతటదే వస్తుంది.

మత్తు_డాక్టరు · మంగళవారం ఉదయం
మేష్టారు బాగా చెప్పారు. నేను ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి, ఆపరేషన్ థియేటర్లలో జుట్టు నెరిపించుకున్నవాణ్ణి. సూదుల మీద నాకు భక్తీ లేదు, పగా లేదు.

మత్తు ఇచ్చేవాళ్లకి ఒక పాయింటు మాత్రం బాగా తెలుసు. అరచేయి పైకి పెట్టి, మణికట్టు గీత నుంచి మోచేతి వైపు మూడు వేళ్లు కొలిచి చూడండి. పిడికిలి బిగిస్తే రెండు తాళ్లలా పైకి తేలతాయి, వాటి మధ్య. చైనావాళ్లు నైగ్వాన్ అంటారు, మేం పీ6 అంటాం. ఆపరేషన్ తర్వాత వచ్చే వికారం, వాంతుల మీద దీని పరీక్షలు చాలానే జరిగాయి. వాంతి మందులకి దాదాపు సాటిగా పనిచేసినట్టు వచ్చింది. 1997లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ నిపుణుల్ని కూర్చోబెడితే వాళ్లు గట్టిగా ఒప్పుకున్నవి ఆపరేషన్ తర్వాత, కీమో తర్వాత వాంతులు, పన్ను పీకాక నొప్పి. పరీక్షల నాణ్యత మీద గొడవలున్నాయి, ఉండనీ.

ఇంకోటి. "చైనాలో మత్తు లేకుండా సూదులతోనే కడుపు కోసేస్తారు" అని ఎవరో ఒకరు ఇక్కడ రాస్తారు, ముందే చెప్పేస్తున్నాను. ఆ ప్రచారం ఊపందుకున్నది 1971లో, న్యూయార్క్ టైమ్స్ విలేఖరి జేమ్స్ రెస్టన్ పెకింగ్‌లో అపెండిక్స్ తీయించుకున్న తర్వాత. ఆయనకి ఆపరేషన్ చేసింది మామూలు మత్తు ఇంజెక్షన్‌తోనే. సూదులు వేసింది ఆపరేషన్ అయ్యాక, కడుపు ఉబ్బరానికి. ఆయన రాసిందీ అదే. జనం చదివింది వేరు.

దేశభక్తుడు_77 · మంగళవారం ఉదయం
ఇదంతా మన మర్మ విద్య. బౌద్ధ భిక్షువులు పట్టుకెళ్లారు. చైనావాడి పేరు పెట్టుకుని మనకే అమ్ముతున్నారు. ముందు అది రాయండి బోర్డు మీద.

ఖరగ్‌పూర్_తెలుగు · మంగళవారం మధ్యాహ్నం
తమ్ముడూ, ఎవరు ఎవరికి నేర్పారో వెయ్యేళ్ల కిందటిది నేను చూడలేదు గానీ, మన దేశంలోకి ఈ సూదులు ఎవరు తెచ్చారో రికార్డులో ఉంది. 1938లో కాంగ్రెస్ తరఫున ఐదుగురు డాక్టర్లు చైనా యుద్ధరంగానికి వెళ్లారు. అందులో కోట్నిస్ గారు అక్కడే 1942లో పోయారు, ఆయన పేరు అందరికీ తెలుసు. అదే బృందంలో విజయ్ కుమార్ బసు అని బెంగాలీ డాక్టరు. ఆయన తర్వాత మళ్లీ చైనా వెళ్లి ఇది నేర్చుకుని, 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు. ఎంబీబీఎస్ డాక్టరే సూదులు పట్టుకొచ్చాడన్నమాట. అందుకే బెంగాల్‌లో దీన్ని నాటువైద్యం కింద చూడరు. 1996లో దీనికంటూ ఒక చట్టం కూడా చేసుకున్నారు.

రైల్వే కాలనీలో పెరిగినవాణ్ణి, మా అమ్మకి మైగ్రేన్. హౌరా లోకల్ ఎక్కించి తీసుకెళ్లేవాణ్ణి. నెలలో పడుకునే రోజులు తగ్గాయి, పూర్తిగా పోలేదు. అక్కడ కూర్చున్నాయన మొదటి రోజే చెప్పాడు, "పోగొడతానని చెప్పను, తగ్గిస్తానేమో చూద్దాం" అని. అందుకే నమ్మాం.

వేదిక_నిర్వాహకుడు · మంగళవారం మధ్యాహ్నం
మూలం ఎవరిదన్న చర్చకి వేరే దారం తెరుచుకోండి. ఇక్కడ అమ్మాయి అడిగిన దానికే జవాబివ్వండి.

మర్రిపాలెం_వకీలు · మంగళవారం సాయంత్రం
అమ్మా, చట్టం సంగతి నేను చెప్తాను. కేంద్ర ఆరోగ్యశాఖ 2003లో ఆక్యుపంక్చర్‌ని చికిత్సా పద్ధతిగా ఒప్పుకుంది, రిజిస్టరైన డాక్టర్లు గానీ తగిన శిక్షణ ఉన్నవాళ్లు గానీ చెయ్యొచ్చంది. 2019 ఫిబ్రవరిలో దాన్ని స్వతంత్ర వైద్య విధానంగా గుర్తిస్తూ ఇంకో ఉత్తర్వు వచ్చింది. బెంగాల్ కాక మహారాష్ట్ర 2015లో చట్టం చేసుకుంది. ఆ రెండు చట్టాలూ వైజాగ్‌లో నీకు అడ్డమూ కావు, రక్షణా కావు. నీకు నిలబడేది నీ బీఎన్‌వైఎస్ రిజిస్ట్రేషనే. పేరు పక్కన అది పూర్తిగా రాయించు. పేషెంటు నిన్ను చూసి ఎంబీబీఎస్ అనుకునేలా ఉండకూడదు.

ఆ బోర్డు నమూనా మాత్రం తగలబెట్టు. 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద షుగర్, పక్షవాతం, కేన్సర్ లాంటి జబ్బుల్ని నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం. బోర్డుకీ, కరపత్రానికీ, వాట్సాప్ స్టేటస్‌కీ తేడా ఏమీ లేదు. రేపు కేసైతే మార్కెటింగ్ అబ్బాయి ఇంకో కంపెనీలో ఉంటాడు. ఫోటోలో ఉన్నది నువ్వు.

ఇన్సూరెన్స్ అని కూడా ఎవరికీ ఆశ పెట్టకు. పాలసీలో ఆయుష్ అని ఉంటే అందులో ఆయుర్వేదం, యోగా, నేచురోపతి, యునాని, సిద్ధ, హోమియో వస్తాయి. ఆ అక్షరాల్లో ఆక్యుపంక్చర్ లేదు.

గాజువాక_టు_చైనా · మంగళవారం రాత్రి
అక్కా, నేను చైనాలో ఎంబీబీఎస్ చేసి వచ్చాను (అవును, విదేశంలో చదివినవాళ్లు రాసే ఎఫ్ఎంజీఈ పరీక్ష రాసే పాసయ్యాను, ఎవరూ అడక్కండి). మాకు చైనా వైద్యం ఒక సబ్జెక్టు, పోస్టింగు కూడా ఉండేది. ఇక్కడివాళ్లు అనుకునేదానికీ అక్కడ చూసినదానికీ పొంతన లేదు.

పెద్ద జనరల్ ఆస్పత్రిలో అదో అంతస్తు. కింద సీటీ, పైన సూదులు. లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే మాక్సా పొగ. మన వినాయక చవితి పత్రిలో మొదట వచ్చే మాచిపత్రి ఉంది కదా, ఆ జాతి ఆకునే ఎండబెట్టి, దూదిలా దంచి, చుట్టలా చుట్టి కాలుస్తారు. చర్మానికి తగలకుండా వేడి చూపిస్తారు. తెల్లకోటుకి పట్టిన వాసన ఉతికినా పోదు. మంచానికీ మంచానికీ మధ్య తెర, ప్రతి మంచం దగ్గరా ఒక టైమర్. మా మేడం సూదులు లెక్కపెట్టి వేసేది, కార్డు మీద ఆ అంకె రాసేది, తీసేటప్పుడు మళ్లీ లెక్కపెట్టేది. ఒకటి తక్కువైతే దుప్పటి దులిపి, జుట్టులో వెతికి, దొరికేదాకా పేషెంటుని లేవనిచ్చేది కాదు.

ఆవిడే పొద్దున్న రౌండ్లో నాలుక చూసేది, మూడు వేళ్లతో నాడి చూసేది, అదే చేత్తో ఎమ్మారై ఫిల్ము కిటికీకి ఎత్తి చూసేది. మూతి వంకర పోయినవాళ్లు చాలామంది వచ్చేవారు. మొదటి ప్రశ్న "స్టెరాయిడ్ మొదలైందా?". దానికి 72 గంటల్లోపు మాత్ర పడాలి. పడకపోతే కింద అంతస్తుకి పంపేసేది, సూది తర్వాతే. మన దగ్గర మూతి వంకర పోతే పసరు, ఆకు, సూది అన్నీ అయ్యాక పదో రోజున న్యూరాలజీకి వస్తారు.

పక్షవాతం అయితే ఇంకా ఘోరం. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే టైము. బోర్డు మీద "పక్షవాతం" అని చూసి ఎవరైనా కాలూ చెయ్యీ పడిపోయిన మనిషిని నేరుగా నీ గదికి ఆటోలో తెస్తే, ఆ టైము నీ రిసెప్షన్‌లో పోతుంది. దయచేసి ఆ మాట తీసెయ్యి.

సోంపేట_కుర్రోడు · మంగళవారం రాత్రి
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది ఉద్దానం. నాన్నకి కిడ్నీ జబ్బు, రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గేకొద్దీ పెరిగేది) 4 దాటింది. జీడితోటలో పని మానేశాడు. వైజాగ్ పెద్దాస్పత్రి కేజీహెచ్‌లో చూపిస్తున్నాం, డయాలసిస్‌కి తయారుగా ఉండమన్నారు. మొన్న ఊళ్లో ఒకాయన కరపత్రం ఇచ్చాడు. వైజాగ్‌లో సూదులు, వాటితోపాటు చైనా మూలికల పొడి, మూడు నెలల కోర్సు, డయాలసిస్ తప్పుతుందట. అమ్మ గొలుసు తాకట్టు పెడదామంటోంది. డాక్టరు గారూ, పంపమంటారా?

మత్తు_డాక్టరు · మంగళవారం రాత్రి
బాబూ, గొలుసు ఇంట్లోనే ఉంచమని అమ్మగారికి చెప్పు.

పొడి సంగతి ముందు. 1990ల మొదట్లో బెల్జియంలో, బ్రస్సెల్స్‌లో, బరువు తగ్గించే ఒక క్లినిక్కులో ఆడవాళ్లకి చైనా మూలికల మాత్రలు ఇచ్చారు. ఫాంగ్‌జి అనే వేరు వెయ్యాలి. అదే పేరుతో పిలిచే ఇంకో మొక్క వేరు, గ్వాంగ్ ఫాంగ్‌జి, అందులో పడింది. ఆ రెండోదాంట్లో అరిస్టలోకిక్ ఆమ్లం ఉంటుంది. వంద మందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి, చాలామంది డయాలసిస్‌కో మార్పిడికో వెళ్లారు. తర్వాత కొందరికి మూత్రనాళాల్లో కేన్సర్ కూడా వచ్చింది. వాళ్లు మొదట్లో కిడ్నీ రోగులే కారు, సన్నబడదామని వెళ్లినవాళ్లు.

చైనాది కాబట్టి చెడ్డది, మనదైతే మంచిది అనుకోవడానికీ లేదు. మన ఈశ్వరివేరు, గాడిదగడపాకు ఆ జాతివే. ఎవరు ఏ ఆకు పసరు ఇచ్చినా ముందు నెఫ్రాలజీ డాక్టరుకి చూపించాలి. పేరు రాసి లేని పొడి అసలు ఇంట్లోకే రానివ్వకు.

ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇంతకాలమైనా కారణం ఖాయంగా తేలలేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం ఊళ్లలో ఇంటికొకరు బాధపడుతుంటే, కారణం తెలియని చోట కరపత్రాలు మొలుస్తాయి. నాకు కోపం వచ్చేది అక్కడే.

సీతమ్మధార_సూది · మంగళవారం రాత్రి
తమ్ముడూ, సూదులు వేసేదాన్ని నేనే చెప్తున్నాను, సూది క్రియాటినిన్‌ని దించదు. దించుతానన్నవాళ్ల దగ్గర నుంచి లేచి వచ్చెయ్యి.

ఒక్క సాయం మాత్రం ఉండొచ్చు, అదీ కిడ్నీకి కాదు. నాన్నగారికి నడుం నొప్పో మోకాళ్ల నొప్పో ఉంటే, ఊళ్లో మందుల షాపులో డైక్లోఫినాక్, బ్రూఫెన్ లాంటివి కొని వేసుకుంటుంటారు. ఆ బిళ్లలు మిగిలిన కిడ్నీని తినేస్తాయి. నొప్పికి సూది వేయించుకుని ఆ బిళ్ల మానేస్తే అది లాభమే. అది కూడా కేజీహెచ్ డాక్టరు గారిని అడిగాకే. డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా (రక్తనాళాలు కలిపి కుట్టడం) పెడితే ఆ చెయ్యి ఎవరికీ ఇవ్వొద్దు. సూదికీ వద్దు, బీపీ పట్టీకీ వద్దు.

సోంపేట_కుర్రోడు · మంగళవారం రాత్రి
నాన్న రోజూ నొప్పి బిళ్ల వేస్తాడండి. రెండు రూపాయల బిళ్ల కదా అని ఎవరం పట్టించుకోలేదు. రేపే చెప్తాను. థాంక్స్ అక్కా.

పాడేరు_సిస్టర్ · బుధవారం ఉదయం
పొడి అనగానే అందరూ చైనా మందుల్నే తిడతారేమో, ఒక మాట చెప్పాలి. నేను ఏజెన్సీలో స్టాఫ్ నర్సుని. వానలు మొదలయ్యాక మా దగ్గర పని ఏమిటంటే వేలు గుచ్చడం, కిట్టు మీద గీత చూడటం, ఫాల్సిపారం రకం మలేరియా అని వస్తే ఆర్టిసునేట్ కాంబినేషన్ మాత్రలు ఎదురుగా మింగించడం. ఆ ఆర్టిసునేట్ పుట్టింది చైనా మూలికలోంచే. తు యూయూ అనే ఆవిడ నాలుగో శతాబ్దపు వైద్యగ్రంథంలో చదివింది, చింగ్‌హావ్ ఆకుని నీళ్లలో నానబెట్టి పిండి తాగమని. అందరూ కాచి చూస్తున్నారు, పనిచెయ్యడం లేదు. కాచితే గుణం పోతోందేమో అని ఆవిడ వేడి లేకుండా ఈథర్‌తో తీసింది. 1971లో అది ఎలుకల్లోనూ కోతుల్లోనూ పనిచేసింది. 2015లో నోబెల్ వచ్చింది. పైన చైనాలో చదివిన తమ్ముడు చెప్పిన మాచిపత్రి జాతిదే ఆ మొక్క కూడా.

అలాగని మాచిపత్రి నమిలితే మలేరియా పోతుందని ఏజెన్సీకి రావద్దు. మోతాదు తెలిసిన మాత్ర వేరు, గుప్పెడు ఆకు వేరు. మా ఊళ్లలో జ్వరం వచ్చిన పిల్లలకి ఇంకా వాతలు పెట్టి తెస్తున్నారు. కాలిన పుండు ఒకటి, మలేరియా ఒకటి, రెండింటికీ మేమే చూడాలి.

ఎంవీపీ_ఫిజియో · బుధవారం మధ్యాహ్నం
మేడం, బోర్డు గొడవ మీరు చూసుకోండి. గది లోపలి సంగతులు నేను చెప్తాను, ఆస్పత్రిలో మిమ్మల్ని తూకం వేసేది వీటితోనే. మేం డ్రై నీడ్లింగ్ (మందు లేకుండా కండరంలో ఉత్త సూది గుచ్చడం) చేస్తాం కాబట్టి తెలుసు.

ఒక్కసారి వాడి పారేసే సూదులే వాడండి. పేషెంటు ఎదురుగానే ప్యాకెట్ చింపండి. 0.25 మిల్లీమీటర్ల సూది అని చూపిస్తే సగం భయం పోతుంది, ఇంజెక్షన్ సూది దానికి రెండింతల పైనే లావు. తీసిన సూదులు తెల్లటి గట్టి డబ్బాలోనే వెయ్యాలి, బయోమెడికల్ వేస్ట్ నిబంధన అది. పసుపు కవర్లో కలిపితే హౌస్‌కీపింగ్ అమ్మాయి చేతికి గుచ్చుకుంటుంది, ఆ రోజుతో మీ గదికి తాళం.

భుజం మీద, వీపు పైభాగంలో లోతుగా నిలువుగా దించొద్దు. సన్నటి మనుషులు, ఆయాసం ఉన్నవాళ్లు అయితే మరీ జాగ్రత్త. ఊపిరితిత్తికి చిల్లు పడితే వెంటనే తెలియకపోవచ్చు. ఇంటికెళ్లాక ఆయాసం వస్తుంది. అందుకే పంపేటప్పుడు "ఊపిరి పట్టేసినట్టుంటే నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి" అని చీటీ మీద రాసివ్వండి.

పేస్‌మేకర్ ఉంటే సూదులకి కరెంటు పెట్టొద్దు. రక్తం పలచబడే మందుల మీద ఉన్నారా అని అడగండి. షుగర్ పేషెంటు తిమ్మిరి కాలికి మాక్సా, ఎర్రలైటు దగ్గరగా పెట్టొద్దు, కాలినా వాళ్లకి తెలియదు. ఖాళీ కడుపుతో వచ్చినవాళ్లని కూర్చోబెట్టి గుచ్చొద్దు, కళ్లు తిరిగి పడతారు. పడుకోబెట్టండి. గర్భిణీలైతే వాళ్ల డాక్టరుతో మాట్లాడకుండా ముట్టుకోవద్దు.

మత్తు_డాక్టరు · బుధవారం మధ్యాహ్నం
ఇంకో సంగతి. నడుం నొప్పి అని వచ్చిన ప్రతివాణ్ణీ పడుకోబెట్టెయ్యకు. మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట మొద్దుబారినా అదే రోజు ఆపరేషన్ కేసు కావచ్చు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి ఎక్కువయ్యే నొప్పి ఉంటే వెన్నులో టీబీ చూడాలి, మన దేశంలో అది అరుదు కాదు. సూది పడితే రెండు వారాలు కాస్త హాయిగా ఉంటుంది, ఆ రెండు వారాల్లో వెన్నుపూస ఇంకొంచెం కరుగుతుంది. సూది వల్ల వచ్చే ప్రమాదాల కంటే, సూదితో ఊరుకోవడం వల్ల వచ్చేవే నన్ను ఎక్కువ భయపెడతాయి.

సీతమ్మధార_సూది · శుక్రవారం రాత్రి
రెండు రోజులు ఆస్పత్రి చుట్టూ తిరిగాను, అందుకే ఆలస్యం. వాళ్లు మొదట ఇస్తామన్న వెల్‌నెస్ గది వద్దన్నాను. ఆ ఆస్పత్రిలోనే పెయిన్ క్లినిక్ నడిపే ఎనస్తీషియా డాక్టరు గారిని నేరుగా వెళ్లి కలిశాను. ఆయన అడిగింది ఒకటే, "నీ దగ్గరికి వచ్చినవాళ్లలో ఎంతమందిని వెనక్కి పంపావు?" అని. నా రిజిస్టరు చూపించాను. ఆయన క్లినిక్ రోజుల్లో పక్క గదిలో కూర్చోమన్నారు. నాకు విడిగా ఫైలు ఉండదు, ఆయన కేస్ షీట్లోనే ఎక్కడ గుచ్చానో, ఎన్ని గుచ్చానో రాయాలి. నాకు అదే కావాలి.

బోర్డు ఇలా రాసిచ్చాను:

"ఆక్యుపంక్చర్ – నొప్పి విభాగం. పాత నడుము నొప్పి, మెడ నొప్పి, మైగ్రేన్, ఒత్తిడి తలనొప్పి. ఆపరేషన్, కీమో తర్వాత వికారం. డాక్టరు పరీక్షించి రాసిన చీటీ తెచ్చుకోండి. మీ మందులు ఆపవద్దు."

మార్కెటింగ్ అబ్బాయి చదివి "ఇలాగైతే ఎవరొస్తారు మేడం?" అన్నాడు. ప్యాకేజీ గొడవ ఇంకా తెగలేదు.

లెక్కల_మేష్టారు · శుక్రవారం రాత్రి
ప్యాకేజీకి అమెరికా లెక్క చూపించు. అక్కడి పెద్దవాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్స్, మెడికేర్, 2020 నుంచి పాత నడుం నొప్పికి సూదుల ఖర్చు ఇస్తోంది. 90 రోజుల్లో 12 సిట్టింగులు. మెరుగు కనిపిస్తే ఇంకో 8, కనిపించకపోతే ఆపెయ్యాలి. ఏడాదికి 20 దాటకూడదు. నువ్వు ఐదారు సిట్టింగులకి ఒకసారి ఆగి చూస్తానని రాసుకో, డబ్బు ఏ రోజుకి ఆ రోజే తీసుకో. 30కి ముందే కట్టించుకున్నాక ఎవరు ఆపుతారు?

మోకాళ్లు బోర్డు మీద లేకపోవడం నాకు నచ్చింది. జర్మనీ ఇన్సూరెన్స్ మోకాళ్ల అరుగుదలకి సూదుల డబ్బు ఇస్తుంది. ఇంగ్లండు నిపుణుల సంస్థ 2022లో దానికే వద్దని రాసింది. నడుం నొప్పికి కూడా వాళ్లు 2016లో వద్దన్నారు. 2021లో మాత్రం వేరే కారణం కనపడని దీర్ఘకాల నొప్పులకి ఆలోచించవచ్చన్నారు. ఒకే రకం పరీక్షలు చదివి రెండు దేశాలు రెండు రకాలుగా తేల్చాయంటే, నువ్వు తేల్చేశానని బోర్డు రాయకూడదు.

ఉక్కు_బాబాయ్ · శుక్రవారం రాత్రి
మోకాళ్లు తీసీసేవేటమ్మా? మా ఆవిడకి మోకాళ్లే! ఇంగ్లండోడు వద్దంటే మా ఆవిడ ఊరుకుంటదేటి.

సీతమ్మధార_సూది · శుక్రవారం రాత్రి
తీసుకురండి బాబాయ్, బోర్డు మీద లేనంత మాత్రాన చూడనని కాదు. ముందు ఎక్స్‌రే, ఆర్థో చీటీ తేండి. తొడ కండరాల వ్యాయామం నేర్పిస్తాం, అది రోజూ చేస్తానంటేనే సూది. పిన్నిగారు ఒప్పుకుంటారా?

ఉక్కు_బాబాయ్ · శుక్రవారం రాత్రి
వ్యాయామం అంటే రాదు. రైతుబజారుకి నడిసెల్తాది, అది సాల్దా?

పెదవాల్తేరు_జానకి · శనివారం ఉదయం
అమ్మాయ్, మా చెల్లికి రొమ్ము కేన్సర్, అగనంపూడి ఆస్పత్రిలో కీమో నడుస్తోంది. మూడో రోజు దాకా నీళ్లు కూడా నిలవడం లేదు. పైన మత్తు డాక్టరు గారు చెప్పిన ఆ మణికట్టు పాయింటుకి నీ దగ్గరికి తీసుకురావచ్చా?

సీతమ్మధార_సూది · శనివారం ఉదయం
అక్కా, ముందు వాళ్ల డాక్టరు గారికి నీళ్లు కూడా నిలవడం లేదని ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. వాంతి మందు మార్చడమో, సెలైన్ పెట్టడమో ఉంటుంది. వచ్చే కీమో సైకిల్‌దాకా ఆగొద్దు.

సూదికి ఆయన ఒప్పుకోవాలి. కీమో తర్వాత తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయే రోజులుంటాయి, అప్పుడు నేను ముట్టుకోను. తాజా రక్తపరీక్ష కాగితం తెండి. ఈలోగా సూది అక్కర్లేని దారి ఉంది. మందుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో గుండీ ఉన్న మణికట్టు పట్టీ దొరుకుతుంది, ప్రయాణాల్లో వాంతులకి వాడతారు. గుండీ సరిగ్గా ఆ రెండు తాళ్ల మధ్య కూర్చోవాలి. కీమోకి బయల్దేరేముందే పెట్టాలి. చర్మం మీద గుంట పడుతుంటే కాసేపు తీసెయ్యాలి. ఇచ్చిన వాంతి మాత్ర మాత్రం మానొద్దు. చంకలో గడ్డలు తీశారా? ఏ వైపు?

పెదవాల్తేరు_జానకి · శనివారం ఉదయం
తీశారు, ఎడమ వైపు. ఫోన్ చేశాను, పదకొండింటికి తీసుకురమ్మన్నారు.

సీతమ్మధార_సూది · శనివారం ఉదయం
మంచిది అక్కా. అయితే పట్టీ కుడి చేతికే. ఎడమ చేతికి బిగుతుగా ఏదీ వద్దు, గాజులు కూడా వదులుగానే ఉండాలి. సెలైన్ కుడి చేతికి పెడితే ఆ రోజుకి పట్టీ మానేసి, వేలితో మెల్లగా నొక్కితే చాలు.